అక్క కేసు వద్దంటోంది, నేను కమిషన్ కావాలని సంతకాలు పట్టిస్తున్నాను

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం నుంచి, రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. ఇప్పుడు అక్కడి వయోవృద్ధుల సంఘానికి ఆయనే కార్యదర్శి. కేరళలో పెట్టినట్టు మన రాష్ట్రంలోనూ వృద్ధుల హక్కుల కోసం చట్టబద్ధమైన కమిషన్ పెట్టాలని సంఘం తరఫున సంతకాలు సేకరిస్తున్నారు. అర్జీ రాసిందీ ఆయనే.

ఆయన్ని తినేస్తున్న బాధ వేరే ఉంది. 74 ఏళ్ల అక్కగారు పక్క మండలంలో ఒక పల్లెటూళ్లో కొడుకు దగ్గర ఉంటారు. భర్త పోయాక, 2019లో, ఉన్న ఒక్క ఇల్లూ కొడుకు పేర గిఫ్ట్ రాసిచ్చేశారు. కొన్నాళ్లకి ఆవిడ మంచం లోపలి గదిలోంచి వెనక వసారాలోకి వచ్చింది. వాన జల్లు కొడితే మంచం గోడవారకి లాక్కుని, దుప్పటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారట. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి, ఆవిడ వేలిముద్ర వేయించుకుని, 4,000 రూపాయల పింఛను చేతిలో పెడతారు. ఆయన గేటు దాటేలోపే ఆ డబ్బు కోడలి చేతికి వెళ్లిపోతుంది. బీపీ మాత్రలు అయిపోతే పక్కింటివాళ్ల ఫోన్ నుంచి తమ్ముడికి చెప్పుకుంటారు. హైదరాబాద్‌లో ఉన్న కూతురేమో "ఇల్లు వాడికిచ్చింది, చూడాల్సింది వాడే" అంటోంది.

"ఆర్డీవో దగ్గర అర్జీ పెడదాం అక్కా" అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "కన్నకొడుకుని కచేరీ మెట్లు ఎక్కించి, మళ్లీ అదే ఇంట్లో అన్నం ఎలా తినమంటావురా? నువ్వా పని చేస్తే నా గుమ్మం తొక్కకు" అన్నారట. ఇప్పుడాయన అడుగుతున్నవి ముఖ్యంగా మూడు. ఆవిడ ఇష్టంతో పని లేకుండా నేనే అర్జీ పెట్టవచ్చా? సొంత అక్కకి ఏమీ చెయ్యలేనివాణ్ణి, రాష్ట్రంలోని వృద్ధులందరికీ హక్కుల కమిషన్ కావాలని తిరగడం ఏం న్యాయం? మా సంఘంలోనే సగంమంది "కమిషన్ అంటే ఓడిపోయిన నాయకులకి కుర్చీలు" అంటున్నారు, వాళ్ల మాటే నిజమా?

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. "అక్క కేసు వద్దంది కాబట్టి నేను చేయగలిగిందేమీ లేదు." ఆవిడ వద్దన్నది కేసుని. సాయాన్ని కాదు. సాయం వద్దనుకునే మనిషైతే పక్కింటి ఫోన్ తీసుకుని మాత్రలు అయిపోయాయని మీకు చెప్పరు. ఆవిడకి ఏం కావాలో ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. మీరు అడిగింది "కేసు పెడదామా" అని, దానికి జవాబు వచ్చింది. కూతురు అసలు అడగలేదు. కొడుకు సంగతి సరేసరి.

అందుకని మొదటి పని కచేరీలో కాదు, మీ ఇంట్లో. అక్కగారికి మీ ఇల్లు పుట్టిల్లు. ఏదో ఒక పండగ పేరు చెప్పి నాలుగు రోజులు తీసుకురండి. ఆడబిడ్డని పుట్టింటికి తీసుకెళ్తానంటే మేనల్లుడు కాదనడు, ఊళ్లో ఎవరూ తప్పు పట్టరు. వచ్చిన మొదటి రోజే ఈ విషయం ఎత్తకండి. కడుపునిండా తిని, రెండు రాత్రులు తలుపేసిన గదిలో నిద్రపోయాక అడగండి. మంచం లోపలికి రావాలా? పింఛనులో కొంత తన దగ్గరే ఉండాలా? మాత్రలు వేళకి రావాలా? ఇల్లు తిరిగి తన పేర కావాలా, లేక ఆ ఇంట్లో చివరిదాకా మర్యాదగా ఉంటే చాలా? అసలు అక్కడ ఉండాలనే ఉందా? ఒక్కో ప్రశ్నకి ఒక్కో దారి ఉంది. వసారాలో, కోడలికి వినిపించేంత దూరంలో కూర్చుని అడిగితే మాత్రం ఆవిడ నోటినుంచి వచ్చేది "నాకేం లోటురా" అన్న మాటే.

ఇక చట్టం. మీరు రెవెన్యూలో చేశారు కనుక 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం మీకు తెలిసిందే. మిగతా పాఠకుల కోసం కాస్త చెప్తాను. ఈ చట్టం కింద ట్రిబ్యునల్ అంటే మన దగ్గర ఆర్డీవో, అప్పీలు కలెక్టరు దగ్గర. అర్జీ పెట్టాల్సింది తల్లో తండ్రో స్వయంగా. వాళ్లు తిరగలేని స్థితిలో ఉంటే, వాళ్లు అధికారమిచ్చిన మనిషి గానీ సంస్థ గానీ పెట్టవచ్చు. అంటే మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదే: ఆవిడ ఒప్పుకోకుండా మీ అంతట మీరు ఆవిడ పేరున అర్జీ పెట్టలేరు. ట్రిబ్యునల్ తనంత తానుగా విచారణకి తీసుకునే వీలుంది. మీకు ఆ ఆఫీసులో తెలిసినవాళ్లు ఉంటారు, ఒక్క మాట చెప్తే కదులుతుందని మీకు అనిపించి ఉండవచ్చు కూడా. ఆ పని ఇప్పుడే చెయ్యవద్దని నా మనవి. నోటీసు పట్టుకుని బంట్రోతు ఇంటికొచ్చిన రోజు, ఆ ఇంట్లో ఉండేది మీరు కాదు, ఆవిడ. ఆ సాయంత్రం కంచంలో ఏం పడుతుందో చూసుకోవాల్సింది ఆవిడే.

ఆవిడ ఒప్పుకుంటే సంగతి వేరు. ఆర్డీవో దగ్గరికి వెళ్తే మొదటిరోజే బోనెక్కించినట్టు ఉంటుందని చాలామంది భయం. చట్టంలో రాజీ దారి ముందే ఉంది. విచారణ మొదలెట్టే ముందు అర్జీని రాజీ అధికారికి పంపవచ్చు. ఆయన ఇరువైపులా కూర్చోబెట్టి మాట్లాడి నెలలో తేల్చాలి. అక్కడ కుదిరిన ఒప్పందమే ఉత్తర్వుగా వస్తుంది. "అమ్మ మంచం లోపలి గదిలో ఉంటుంది, పింఛను ఆవిడ దగ్గరే ఉంటుంది, మందుల ఖర్చు కొడుకుది" అని కాగితం మీద పడితే, రేపు మాట తప్పినా పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. లాయరు ఫీజుల బెడద లేదు. రాజీ కుదరకపోతే నోటీసు అందినప్పటినుంచి 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో నెల. నెలకి గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా భృతి వెయ్యవచ్చు. ఉత్తర్వు వచ్చాక కూడా ఇవ్వకపోతే నెల దాకా జైలు. ఆ పదివేల పరిమితి ఎత్తెయ్యాలని 2019లో పార్లమెంటులో బిల్లు పెట్టారు గానీ అది మురిగిపోయింది.

ఈ దారిలో మీరు ముందే ఆలోచించుకోవాల్సింది మేనకోడలి సంగతి. చట్టం దృష్టిలో కూతురు కూడా సంతానమే. అర్జీ కొడుకు ఒక్కడి మీదే పెట్టినా, అతను "చెల్లెల్ని కూడా చేర్చండి" అనవచ్చు, ట్రిబ్యునల్ చేర్చవచ్చు. "ఇల్లు వాడికిచ్చింది" అన్న జవాబు అక్కడ పూర్తిగా చెల్లదు. కాబట్టి ఆ అమ్మాయికి ఈ సంగతి నోటీసు ద్వారా తెలియకూడదు, మేనమామ నోటివెంట తెలియాలి. ఆమె కోపం ఇల్లు దక్కలేదనా, తల్లి తనని అడగకుండా రాసిచ్చేసిందనా? నాకు రెండోదే అనిపిస్తోంది. అలాగైతే ఆ అమ్మాయి ఈ కథలో ఒంటరిగా మిగిలిన ఇంకో మనిషి. తల్లి గొంతు ఫోన్‌లో విని ఎన్నాళ్లయిందో ఒకసారి కనుక్కోండి.

ఇల్లు వెనక్కి రావడం అన్నది పెద్ద అడుగు. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటావన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. చట్టం వచ్చాక రాసినదై ఉండాలి, మీ అక్కగారిది 2019దే కనుక ఆ చిక్కు లేదు. చిక్కు అంతా షరతు దగ్గరే. "ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను" అని మాత్రమే రాసి ఊరుకుంటే? అలాంటి షరతు ఉన్నట్టు రుజువు కావాల్సిందేనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కి చెందిన ఒక తల్లి విషయంలో అదే కోర్టు, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కనుక ఉదారంగా చదవాలని చెప్పి, గిఫ్ట్ రద్దు చేసి ఇల్లు ఆవిడకి ఇప్పించింది. ఆ కేసులో తల్లిని చూసుకుంటానని కొడుకు విడిగా కాగితం రాసిచ్చి ఉన్నాడు. అందుకని ఎవరితోనూ వాదన పెట్టుకోకముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆ దస్తావేజు నకలు తెప్పించి ప్రతి లైనూ చదవండి. పోషణ గురించి ఒక్క వాక్యం ఉందా? ఆ రోజుల్లో విడిగా ఏదైనా రాసుకున్నారా? ఉంటే మీ చేతిలో బలం ఉంది. లేకపోతే ఈ దారి కష్టమని ముందే తెలుస్తుంది, అక్కగారికి లేనిపోని ఆశ పెట్టకుండా ఉంటారు.

ఒకవేళ రద్దయిందనుకోండి. అప్పుడు ఇల్లు ఆవిడది, కానీ అందులో కొడుకూ కోడలూ పిల్లలూ ఉన్నారు. కోడలికి అత్తింట్లో నివాస హక్కు ఉందని, ఈ చట్టం పేరు చెప్పి ఆమెని ఇట్టే బయటికి పంపకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కనుక గెలిచాక కూడా అందరూ ఒకే కప్పు కింద ఉండే అవకాశమే ఎక్కువ. కొందరు తల్లులకి ఆ కాగితం చేతిలో ఉంటే చాలు, ఇంట్లో గౌరవం తిరిగొస్తుంది. కొందరికి ఆ ఇల్లే నరకమవుతుంది. మీ అక్కగారి సంగతి ఏమవుతుందో మేనల్లుణ్ణి చిన్నప్పటినుంచీ చూసిన మీకు తెలియాలి, నాకు కాదు.

చట్టం జోలికి పోని దారులు కూడా తీసిపారేసేవి కావు. ఒకటో తారీఖు పొద్దున్నే మీరు అక్కడికి వెళ్లి కూర్చోండి. టీ తాగండి. పింఛను ఆవిడ చేతికి వచ్చాక, "అక్కా, మాత్రలకి ఎంత పక్కన పెడుతున్నావు?" అని అందరి ముందూ మామూలుగా అడగండి. పింఛను ఇచ్చే ఉద్యోగికి కూడా ఆవిడ ఎక్కడ పడుకుంటోందో తెలుసు, ప్రతి నెలా చూస్తున్నారు. మేనమామ రాకపోకలు ఉన్న ఇంట్లో చాలా సంగతులు వాటంతటవే సర్దుకుంటాయి. 14567 అని వృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది, ఎల్డర్‌లైన్ అంటారు. హైదరాబాద్‌లో మొదలై 2021 నుంచి దేశమంతటా నడుస్తోంది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు, ఫోన్ ఉచితం. వాళ్లు కుటుంబంతో మాట్లాడతారు, అవసరమైతే మనుషుల్ని పంపుతారు. మామయ్య మాట మీద అలిగే మేనల్లుడు బయటి మనిషి మాటకి తగ్గవచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

ఆవిడని పూర్తిగా మీ ఇంటికే తెచ్చుకోవడం గురించి మీరు రాయలేదు. మీ ఇంట్లో పరిస్థితి నాకు తెలియదు కనుక ఒత్తి చెప్పను. తెస్తే మీ కళ్లముందు ఉంటారు. కానీ ఆ ఇంట్లోంచి తనంతట తానే వెళ్లిపోయిందన్న మాట పుడుతుంది, కొడుకు బాధ్యత వదిలించుకుంటాడు. తెచ్చుకునేటట్టయితే కొడుకు నెలనెలా ఏమివ్వాలో పెద్దమనుషుల్లోనైనా తేల్చుకునే తేండి.

ఇంతా చేశాక కూడా ఆవిడ "ఏమీ వద్దు, ఇలాగే ఉంటాను" అంటే? ఒప్పుకోవాల్సిందే. మన కళ్లకి అది తప్పు నిర్ణయంలాగే కనిపిస్తుంది. కానీ హక్కులు అంటూ మనం మాట్లాడేది ఆవిడ గురించి. ఇల్లు ఆవిడ చేతిలోంచి పోయింది, పింఛను పోతోంది. "వద్దు" అనే మాట ఒక్కటే ఆవిడ దగ్గర మిగిలింది, దాన్ని ప్రేమతోనైనా మనం లాక్కోకూడదు. ఇందులో మినహాయింపు ఒక్కటే. చెయ్యి చేసుకున్నారని తెలిసినా, తిండీ మందూ ఆపేశారని తెలిసినా, ఇంట్లోంచి గెంటేసినా, మతి స్థిమితం తప్పి తన మంచిచెడ్డలు తేల్చుకోలేని స్థితికి వచ్చినా అనుమతి కోసం ఆగకండి. అలాంటి రోజు అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యాలి, ట్రిబ్యునల్ తనంత తానే కదలాలని మీరు రాసి ఇవ్వాలి. తల్లిని వదిలేస్తే మూడు నెలల దాకా జైలు పడుతుందని చట్టంలో ఉంది. ఈ హద్దు ఎక్కడుందో అక్కగారికి ముందే చెప్పి ఉంచండి. "నువ్వు వద్దన్నంతకాలం ఊరుకుంటాను, నీ మీద చెయ్యి పడితే మాత్రం ఊరుకోను" అని. రేపు మీరు కదిలితే అది ద్రోహంలా అనిపించకూడదు.

సంతకాల విషయంలో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రాష్ట్రమంతా తిరిగి చెప్పే మాట సొంత అక్క దగ్గర చెల్లలేదని మీరు కుంగిపోతున్నారు. ఆ మాట అక్కడ ఎందుకు చెల్లలేదో మీ అంత దగ్గరగా చూసినవాళ్లు మీ సంఘంలో ఇంకెవరున్నారు? ఇప్పుడున్న ఏర్పాటు అంతా ముసలివాళ్లు నడుచుకుంటూ వచ్చి కొడుకు మీద అర్జీ ఇస్తేనే కదులుతుంది. ఆర్డీవోకి భూముల గొడవలు, ఎన్నికలు, వరదలు, మంత్రుల పర్యటనలు, వాటి మధ్యలో ఈ ట్రిబ్యునల్. మీరు ఆ ఫైళ్లు మోసినవారు, నేను చెప్పక్కర్లేదు. మీ అక్కగారి లాంటి మనిషి దగ్గరికి తానే వచ్చి, పక్కన కూర్చుని, "ఏం కావాలమ్మా" అని అడిగే ప్రభుత్వ మనిషి లేడు. ఆ ఖాళీ కోసమే కమిషన్.

మీ సంఘంలో సగంమంది అనుమానం కూడా ఉత్తదేం కాదు. కమిషన్లకి ఏళ్లతరబడి అధ్యక్షులు లేకపోవడం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. వాళ్లతో తగువు పడకండి, వాళ్ల అనుమానాన్నే అర్జీలోకి ఎక్కించండి. వృద్ధులందరి కోసం కమిషన్ పెట్టిన చట్టాల్లో కేరళ 2025లో చేసినదే దేశంలో మొదటిది. అక్కడ కమిషన్‌లో ఉండేది 60 దాటినవాళ్లే, అది బాగుంది. కానీ అది ప్రధానంగా సిఫార్సులు చేసే సంస్థ. సిఫార్సు పట్టించుకోకపోతే ఏమిటన్నది మన అర్జీలో ఉండాలి. అస్సాంలో 2017 నాటి చట్టం కింద ప్రణామ్ కమిషన్ అని ఉంది. తల్లిదండ్రుల్ని చూడని ప్రభుత్వోద్యోగుల జీతంలోంచి పది శాతం కోసి వాళ్లకే ఇప్పిస్తుంది. గట్టి పనే, కానీ సర్కారు ఉద్యోగం లేని కొడుకులకి అది తగలదు. మీ మేనల్లుడు రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడని రాశారు కదా. అందరికంటే ముందు ఈ పని మొదలుపెట్టింది బ్రిటన్‌లోని వేల్స్. 2008 నుంచి అక్కడ వృద్ధుల కోసం ఒక కమిషనర్ ఉన్నారు. ఆశ్రమాల్లాంటి చోట్లకి వెళ్లి, వృద్ధులు ఒప్పుకుంటే వాళ్లతో విడిగా మాట్లాడే అధికారం ఆ కార్యాలయానికి చట్టంలోనే ఇచ్చారు. ఆ "విడిగా" అన్న మాట మీ అర్జీలోకి రావాలి.

మీ అర్జీ మీరు జత చేసి పంపారు, చదివాను. అధ్యక్షుడి హోదా, సభ్యుల సంఖ్య, కారు, ఆఫీసు గురించి రెండు పేరాలున్నాయి. ఆ జాగాలో వేరేవి రాయండి. డివిజన్‌కి ఒక పోషణ అధికారి, అదే పని తప్ప ఇంకో పని లేకుండా. ఖాళీ అయిన పదవిని ఇన్ని నెలల్లో నింపాలని చట్టంలోనే గడువు. ఏటా నివేదిక శాసనసభలో పెట్టాలి, ట్రిబ్యునళ్లలో 90 రోజులు దాటిన అర్జీల లెక్క అందులో ఉండాలి. ఒంటరి వృద్ధుల జాబితా ప్రతి పోలీస్ స్టేషన్లో ఉండాలని, నెలకోసారి వెళ్లి చూడాలని కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఉంది. జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి సరిపడేలా, అని చట్టమే చెప్తోంది. ఇవి ఎంతవరకు జరుగుతున్నాయో తనిఖీ చేసే అధికారం కమిషన్‌కి అడగండి. మీ సంఘం సభ్యుల్లో ఆడవాళ్లు ఎందరున్నారో కూడా చూసుకోండి. భర్త పోయి, ఆస్తి రాసిచ్చేసి, వసారాలో మిగిలేది ఎక్కువగా వాళ్లే. అర్జీ మీద సంతకాలు మాత్రం పంచెకట్టు పెద్దమనుషులవే ఉంటే ఎలా?

చివరిగా, అర్జీకి బలం కోసం అక్కగారి కథ పేరు లేకుండా జత చేద్దామా అని అడిగారు. ఆవిడ ఒప్పుకునేదాకా వద్దు. పేరు తీసేసినా, గిఫ్ట్ ఇల్లు, వెనక వసారా, తమ్ముడు సంఘం కార్యదర్శి అంటే ఆ ఊళ్లో పోల్చుకోనివాళ్లు ఉండరు. దానికి బదులు మీ డివిజన్‌లో గత మూడేళ్లలో ఈ చట్టం కింద ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్ని 90 రోజుల్లో తేలాయి, ఎన్ని ఉత్తర్వులు నిజంగా అమలయ్యాయి అని సమాచార హక్కు కింద అడగండి. ఏ రిజిస్టరు ఏ బీరువాలో ఉంటుందో మీకు తెలుసు కనుక, "సమాచారం లేదు" అని మీకు రాసి పంపడం వాళ్లకి కష్టం. ఆ జవాబు వచ్చాకే అర్జీ పైకి పంపండి.